కార్ట్రిడ్జ్‌లో బర్రెలు

లాల్‌దర్వాజాలో పాలు పోసే రామ్‌చందర్ కూతురు స్వీటీ కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసేది. రెండువేల ఏడు నాటికి ఆమె దగ్గర తొమ్మిది ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌లు పోగయ్యాయి. మామూలు దాంట్లో కంపెనీ వేసిన ఆటే ఉంటుంది. ఫ్లాష్‌దైతే కంప్యూటర్ నుంచి కావలసిన ఆట ఎక్కించుకుని చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్‌బాయ్‌లో ఆడుకోవచ్చు. వాటి సంగతి తనకు తెలిసినంత ఊళ్లో ఎవరికీ తెలియదని స్వీటీ నమ్మకం. అది నిజం కూడా.

ఒక గురువారం జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టలో పదోది దొరికింది.

"ఖరాబ్ హై బేటీ, చల్తా నహీ," అన్నాడు అమ్మే ముసలాయన.

"నా చేతిల పడ్డంక నడ్వకేం చేస్తది చాచా!" అని సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి మూత విప్పితే లోపలి బ్యాటరీ కారి పచ్చటి చిలుము పట్టింది. స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్యాటరీ అతికించి గేమ్‌బాయ్‌లో పెట్టేసరికి తెర వెలిగింది. ఏ దుకాణంలోనూ దొరకని ఆట అది. ఇరుకు సందుల్లో, ఆటోలకు తగలకుండా బర్రెలను ఇంటికి తోలాలి. ఆటలో మూడు మెట్లు, అంటే మూడు లెవెళ్లు, అయ్యాక అది ఆగిపోయింది. మొదటి తెర మీద 'అమరనాథ్, జహనుమా' అని ఉంది.

రామ్‌చందర్ కూడా వంగి చూశాడు. "బర్రె నడక మంచిగ పట్టిండు బిడ్డా. చూసినోడే చేసిండు."

ఆదివారం స్వీటీ జహనుమా వెళ్లి, రెండు కిరాణా కొట్లలో అడిగి అతని ఇల్లు పట్టుకుంది. కొరియర్ ఆఫీసులో పనిచేసే అమరనాథ్ ఆ తెర చూసి గడపలోనే కూర్చుండిపోయాడు.

"కాలేజీల ఉన్నప్పుడు చేసిన. కంప్యూటర్ ఖరాబైంది, ఇల్లు మారినప్పుడు ఇది గూడ పోయింది. నాకిస్తరా?"

"ఇయ్య," అంది స్వీటీ. అతని ముఖం చిన్నబోయింది. "కార్ట్రిడ్జ్ నాది అన్నా. ఆట నీది. ఇగో, కాపీ చేసి తెచ్చిన," అని సీడీ చేతిలో పెట్టింది. "సగంల ఆపితె ఎట్ల? నాలుగో మెట్టు ఏదని మా బాపు అడుగుతుండు."

"ఆట మిగిలింది గాని, దానికి రాసిన ప్రోగ్రాం కంప్యూటర్‌తోనే పోయింది గద. మొత్తం మళ్ల రాయాలె."

"రాయి. నేనెక్కిస్త."

నాలుగు నెలలు పట్టింది. అమరనాథ్ మళ్లీ రాసిన ప్రోగ్రాం పట్టుకుని లాల్‌దర్వాజా వచ్చిన రోజు స్వీటీ కొత్త ఆట ఎక్కించింది. నాలుగో మెట్టులో బర్రె సరాసరి ఆటోలోంచి దూరి అవతలికి వెళ్లిపోయింది. రామ్‌చందర్ పగలబడి నవ్వాడు.

"ఫికర్ లేదు, ఇప్పుడే సరిచేస్త," అంటూ అమరనాథ్ కుర్చీ లాక్కుని ఆమె కంప్యూటర్ ముందే కూర్చున్నాడు.