బొగ్గు కాళ్లకంటిన తెల్లపొడి

మా కుక్క పేరు బొగ్గు. పేరుకు తగ్గ నలుపు. అందుకే దాని కాళ్లకి తెల్లపొడి అంటితే నా కంట పడకుండా పోదు.

మా అమ్మాయి రోజూ సాయంత్రం దాన్ని తిప్పడానికి తీసుకెళ్తుంది. పార్కుకే అంటుంది. పార్కులో తెల్లపొడి ఎక్కణ్ణించి వస్తుంది? వేళ్ల సందుల్లో పేరుకుపోయి ఉండేది. ఇంటికి రాగానే బొగ్గు గుమ్మంలో కూలబడి నాకడం మొదలుపెట్టేది. చీమల మందో, ఎలుకల మందో అనుకున్నాను. ముందు కుక్క పోతుంది, తర్వాత దాన్ని ముద్దులాడే పిల్ల మంచం పడుతుంది, అక్కడిదాకా వెళ్లిపోయాను. నా బుర్ర అంతే. తలుపు కొడితే చాలు, చెడ్డ కబురే అనుకుంటాను.

తడిగుడ్డతో తుడిచాను. పోలేదు సరికదా, పిండిలా ముద్దకట్టింది. ఆ గుడ్డని సంచిలో మూటకట్టి కుక్కల సామాన్ల కొట్టుకి పట్టుకెళ్లాను.

కొట్టావిడ మూడు రకాలు నా ముందు పెట్టింది. తడి టిష్యూల పాకెట్టు, నురుగు సీసా, లోపలంతా రబ్బరు ముళ్లున్న లోతు కప్పు.

"ఏది మంచిదమ్మా?"

"ఏం తొక్కొస్తుందో చెప్పకుండా ఏది మంచిదంటే ఎలా అక్కా? బురదా, తారా?"

"విషమేమోనని నా భయం," అంటూ మూట విప్పాను.

ఆవిడ వేళ్ల మధ్య నలిపి చూసి నవ్వింది. "విషమూ లేదు, పాడూ లేదు. రాతిపొడి. రాయి కోసే మిషను దగ్గరిది. ఈ కొట్టుకి బండలు వేయించినప్పుడు నెల్లాళ్లు దీంట్లోనే కాపురం చేశాం. టిష్యూలు వద్దు, నురుగూ వద్దు, ముద్దకట్టేస్తుంది. ముందు పొడి బ్రష్షుతో దులపండి. తర్వాత కప్పులో గోరువెచ్చటి నీళ్లు పోసి, కాలు ముంచి మెల్లిగా తిప్పండి. సందులు ఆరేలా తుడవండి. మీ ఇంట్లో రాతిపనివాళ్లున్నారా?"

"లేరు," అన్నాను.

ఉండేవారు. మా ఆయనది రాళ్లు కోసే పనే. పిల్లకి చిన్నప్పుడు ఆయాసం. పొద్దుపోయి ఆయన గుమ్మంలోకి రాగానే నేను "ఆగు, అక్కడే ఆగు" అని అరిచేదాన్ని. బకెట్టు నీళ్లు బయటే పెట్టేదాన్ని. కాళ్లు కడుక్కుంటే చాలదన్నాను. బట్టలు బయటే విప్పమన్నాను. చివరికి పక్క కూడా వరండాలోనే వేశాను. పిల్ల దగ్గినప్పుడల్లా ఆయన వంకే చూశాను. ఒకరోజు ఆయన కడిగిన కాళ్ల వంక చూసుకుని, "ఈ ఇంటికి పట్టిన దుమ్ము నేనేనన్నమాట," అని సంచి సర్దుకున్నారు. నాలుగేళ్లయింది. "మీ నాన్నకి మనం అక్కర్లేదే," అని పిల్లకి చెప్పాను. అదే చెబుతూ వచ్చాను.

బ్రష్షూ కప్పూ కొనుక్కొచ్చి గుమ్మం పక్కన పెట్టాను. సాయంత్రం మా అమ్మాయి చూసి నిలబడిపోయింది.

"ఇవెందుకమ్మా?"

"బొగ్గు కాళ్లకి. అది రాతిపొడట. ముందు దులపాలి, తర్వాతే నీళ్లు."

అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేను బ్రష్షు వంక చూశాను. వాళ్ల నాన్న మాట ఇద్దరం ఎత్తలేదు. మర్నాడు కూడా అది బొగ్గుని తీసుకెళ్లింది, పార్కుకని మాత్రం చెప్పలేదు.

ఇక రోజూ నేనే కడిగేదాన్ని. కప్పులో నీళ్లు పాలలా తెల్లబడితే పాలరాయి కోశారన్నమాట. బూడిదరంగైతే నల్లరాయి. నీళ్లు పారబోయకుండా కాసేపు అలాగే చూసేదాన్ని. ఇంటికి రమ్మని చెప్పి పంపాలి అనుకున్నాను. నోటిదాకా వచ్చేది. మళ్లీ పిల్లకి ఆయాసం తిరగబెడితే? ఆయన రానంటే? రేపు చెబుదాం, రేపు చెబుదాం అని మూడు వారాలు గడిపాను.

ఒకరోజు కాళ్లు కడిగాక కూడా కప్పులో నీళ్లు పోసినవి పోసినట్టే తేటగా ఉన్నాయి. మర్నాడూ అంతే. సెలవులేమో అనుకున్నాను. అయినదానికీ కానిదానికీ కీడు శంకించే నేను, ఆ రెండు రోజులూ సెలవులేమో, సెలవులేమో అనుకుంటూ తిరిగాను.

మూడో రోజు బొగ్గు కాలు నా చేతిలో ఉండగా అడిగాను. "పొడి లేదేమే?"

పిల్ల అక్కడే గుమ్మంలో చతికిలబడి ఏడ్చింది. "నాన్న ఆసుపత్రిలో ఉన్నాడమ్మా. ఊపిరితిత్తుల నిండా ఆ పొడేనట. ఇంకెన్నో రోజులు లేవని డాక్టరు చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదే?"

"నాన్నే వద్దన్నాడు. 'మీ అమ్మకి చెప్పకు, భయపడుతుంది' అన్నాడు."

ఇన్నేళ్లూ ఆ పొడి పిల్ల గొంతులోకి పోతుందని భయపడ్డాను. రోజంతా దాని మధ్య నిలబడే మనిషి గొంతు సంగతి ఒక్కసారన్నా తలచలేదు.

పిల్లని వెంటబెట్టుకుని, చెప్పులు కూడా చూసుకోకుండా ఆసుపత్రికి బయల్దేరాను. ఆయన కిటికీ పక్క మంచమ్మీద, ముక్కుకి గొట్టంతో ఉన్నారు. దుప్పటి కురచయి పాదాలు బయటికొచ్చాయి. నన్ను చూడగానే గబుక్కున కాళ్లు లోపలికి లాక్కున్నారు. పాత అలవాటు.

"కడిగార్లే," అన్నారు. ఆ ఒక్క మాటకే రొప్పొచ్చింది. మళ్లీ ఊపిరి కూడదీసుకుని, "నర్సమ్మ... రోజూ... కడుగుతోంది," అన్నారు.

"ఇంటికి పోదాం పద," అన్నాను. నర్సు నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి పిల్ల కిటికీ వైపు తిరిగిపోయింది.

మంచం చివర కూర్చుని ఆ కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. పాలిపోయి, తెల్లగా, నేనెన్నడూ చూడనంత శుభ్రంగా ఉన్నాయి. వేళ్ల సందులు విప్పి చూశాను. మడమల పగుళ్లలో చూశాను. ఒక్క రవ్వ పొడన్నా ఉంటుందేమోనని గోటితో కూడా గీకి చూశాను.