హాలుకి గున్నయ్య బాబు పేరు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. గున్నయ్య బాబు పోయి నెల తిరిగిందో లేదో, ఉత్తరాది ఉక్కు నగరంలో, సిద్ధగోరాలోని తెలుగువాళ్ళ హాలులో ఆయన కళ్ళు చేటలంత అయిపోయాయి. కార్మిక నాయకుడు, రెండుసార్లు ఎమ్మెల్యే, పేదల పాలిటి దేవుడు. ఒకరి తరవాత ఒకరు లేచి పొగుడుతుంటే రెండో వరసలో కూర్చున్న కస్తూరమ్మకి ఒళ్ళు మండిపోతోంది.

దేవుడేనట! అలాగని అబద్ధమూ కాదు, అదే ఆవిడ ఏడుపు. ఆదిత్యపూర్ బస్తీకి కుళాయి తెచ్చింది ఆయనే. ఏ ఇంట శవం లేచినా ముందు భుజం పట్టేదీ ఆయనే. ఆవిడ భర్త కూర్మారావు ఉద్యోగం పోయాక బియ్యం బస్తా పంపిందీ ఆయనే. ఆ ఉద్యోగం ఊడగొట్టిందీ ఆయనే మరి! గమ్హరియాలో ఒక కంపెనీ సమ్మెలో మేనేజరు కారు మీద ఎవరో రాయి విసిరారు. ఎవరో ఒకర్ని అప్పగిస్తే తప్ప రాజీ లేదన్నారు యజమానులు. గున్నయ్య బాబు గేట్ మీటింగులో బల్లెక్కి, విసిరింది కూర్మారావేనని చెప్పి, యూనియన్ నుంచి తీసేస్తున్నాం, కాదనేవాళ్ళు చెయ్యెత్తండన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. రౌడీ అన్న పేరు మోస్తూనే కూర్మారావు పోయాడు. ఆ బియ్యాన్ని పిల్లల కోసం వండిన ప్రతిపూటా కస్తూరమ్మ గున్నయ్యని తిట్టుకుంటూనే గంజి వార్చింది.

యూనియన్ వాళ్ళకి ఆ అలవాటు ఇంకా పోలేదు. టీ తెప్పించాలన్నా తీర్మానం పెడతారు, కాదనేవాళ్ళు చెయ్యెత్తమంటారు, ఎవరూ ఎత్తరు. కార్యదర్శి సోమేశ్వరరావు ఒకప్పుడు కూర్మారావు పక్క మెషీన్ మీద పనిచేసినవాడు. హాలుకి గున్నయ్య బాబు పేరు పెడదామని చదివి, కాదనేవాళ్ళు చెయ్యెత్తండన్నాడు.

కస్తూరమ్మ ఎత్తింది.

కాదనడానికి ఎవరూ చెయ్యెత్తరు కదా, నాలుగు మంచి మాటలు చెప్పబోతోందనుకుని మైకు ఇచ్చారు, పాపం. మొహం మీద కొట్టినట్టు అంతా చెప్పింది. కోడలు అనిత చెంగు పట్టి లాగుతూ, "మా, రహ్‌నే దో" అని, పోనిమ్మని హిందీలో బతిమాలుతున్నా ఆగలేదు. ముప్పై ఏళ్ళుగా కాచుకున్న రోజు ఇది. ఫోటోకి వేసిన దండ వాడకముందే ఆయన పేరు మట్టిలో కలవాలి. ఒక్క సాక్షి దొరికినా చాలనుకుంది.

"నా మాట అబద్దమైతే నన్ను గెంటీండి. ఆ రాయి మా ఆయన ఇసరనేదని ఎవులికి తెలుసో సెయ్యెత్తండి."

ముందు వరసలో ఒక ముసలి చెయ్యి లేచింది. తరవాత ఇంకొకటి. నాటి సమ్మెలో ఉన్నవాళ్ళంతా తలలు వంచుకునే ఎత్తారు. ఆఖరికి సోమేశ్వరరావూ ఎత్తాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, హాలుకి కూర్మారావు పేరే పెడదాం వదినా అన్నాడు.

కస్తూరమ్మ ఆ చేతుల్ని ఒక్కొక్కటే చూసింది. కూర్మారావు పాడె మోసినవాళ్ళు కూడా ఉన్నారు అందులో.

"మీకు తెల్దనుకున్నాను," అంది. "గున్నయ్య మాట నమ్మీసి మోసపోయేరనుకొని ఇన్నేళ్ళూ మీ మీద జాలిపడ్డాను. ఆడొక్కడే నా పగోడనుకున్నాను. ఆడంటే సచ్చిపోనాడు. మీరింకా బతికున్నారు కదా."