సాయవ్వ చేతి బీడీలు

పింఛన్ల నిబంధనలు ఎవరిని పైకి తెచ్చాయి, ఎవరిని కిందే ఉంచాయి అన్నది నా పిహెచ్.డి. అంశం. ఆర్మూరులో బీడీలు చేసే ఆడవాళ్ల గల్లీలో నెల రోజులుగా తిరుగుతున్నాను. నాలుగక్షరాలు ఎక్కువ చదివితే కళ్లు నెత్తికెక్కుతాయంటారు. నావి ఎక్కే ఉన్నాయి.

సాయవ్వ తనకు పి.ఎఫ్. కార్డు లేదంది. 'బీడీ కార్మికురాలు కాదు' అని రాసేశాను. ఒళ్లో చాట, చేతిలో కత్తెర కనిపిస్తూనే ఉన్నా రాశాను.

"నలభై ఏండ్ల సంది చేస్తున్న బిడ్డా. కార్డు మా తోడికోడలు రూత్‌ది. ఇద్దరం చేసి కంపెనీకి ఒక్క పేరు మీదనే ఇచ్చినం," అంది. పింఛను మాత్రం కార్డున్న రూత్‌కే వస్తోంది.

నా పరిశోధనకు గైడు అయిన సారుకు ఫోన్ చేశాను. "అందరూ అదే చెప్తారమ్మా. రుజువేది?" అన్నారు. రుజువు లేకపోతే నా పరిశోధనలో సాయవ్వ ఏ పనీ చేయనట్టే.

రుజువు కావాలట అని చెబితే గల్లీలో ఆడవాళ్లు నవ్వారు. పక్కింటి కావేరి సాయవ్వతో సహా ఐదుగురు చేసిన బీడీలు ఒకే చాటలో పోసి కలిపి, సాయవ్వవి ఏరమని రూత్ ముందు పెట్టింది. నాకైతే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

రూత్ కళ్లు మూసుకుంది. వేలికొసతో బీడీ మూతి తడుముతూ ఒక్కొక్కటే పక్కన పెట్టింది. "మూతి మలిపినంక గోటితోని ఒక్కసారి నొక్కుతది. వద్దంటె ఇనదు," అంది. సాయవ్వవి పదకొండు. రూత్ తీసినవీ పదకొండే. తక్కిన నలుగురూ ఎవరివి వాళ్లు ఏరుకున్నాక చాటలో ఒక్కటీ మిగల్లేదు.

ఏ పుస్తకంలోనూ లేని చదువు ఈ వేళ్లలో ఉంది. ఇంతకాలం నేను కార్డులు చూశాను కానీ చేతులు చూడలేదు. సిగ్గేసింది కూడా.

ముందు రాసింది కొట్టేసి మళ్లీ రాయబోతూ, పద్ధతి ప్రకారం చెప్పాను: "మీ పేర్లు మార్చి రాస్తాను. లేకపోతే రూత్ పింఛనుకు అడ్డం రావచ్చు."

సాయవ్వ తల వంచుకుంది.

"అది నలభై ఏండ్లు నా పేరు మీదనే పని చేసింది," అంది రూత్. "నీ కాగితంల గూడ ఇంకొకల్ల పేరేనా? కావాలంటె నాది మార్చుకో. దాని పేరు దానికి ఉండనీ."

'సాయవ్వ, బీడీ కార్మికురాలు' అని రాసి, పైకి చదివాను.

"ఇంకొక్కసారి చదువు బిడ్డా," అంది సాయవ్వ.