తెల్ల టేపు

చింపేస్తుందేమో, చింపేస్తే ఎలా, మూడున్నరకి రైలు, భానుమతి పిడికిట్లో కూతురు వాసవి ఆర్మీ ఇంటర్వ్యూ లెటర్ నలిగిపోతోంది, ఇదిగో శేషగిరి అన్నయ్య వచ్చాడు, ఆయన్నే అడుగు అంటోంది, మయూర్ విహార్‌లో ఈ మూడంతస్తుల మెట్లెక్కిన ఆయాసమో భయమో శేషగిరికి తెలియడం లేదు, మీ నాన్నా ఈయనా మందుపాతరలు తీసే సాపర్లే, ఒకే జట్టు, కార్గిల్‌లో మీ నాన్న కాలెక్కడ పెడుతున్నాడో చూసుకోలేదు, దారికి హద్దుగా కట్టిన టేపు దాటాడు, పోయాడు, నీకూ ఆ పరధ్యానమే, గ్యాస్ కట్టేయడం గుర్తుండదు, నువ్వు మందుపాతరలు తీస్తావా, అంటే వాసవి బ్యాగు భుజానికెత్తుకుని, అరే మమ్మీ, నిన్న గ్యాస్ మర్చిపోయింది నువ్వు, మావయ్యా ప్లీజ్, కింద క్యాబ్ ఆగి ఉంది, మీరైనా చెప్పండి.

ఏం చెప్పాలి, ఆ మంచులో వాసవి నాన్న మనోహర్ బోర్లా పడుకుని ఊచతో నేల పొడుస్తూ ముందు, తను వెనక, అతను వెతికి సరే అన్నంత మేరా మేకులు దిగ్గొట్టి రెండు వైపులా తెల్ల టేపు కడుతూ, టేపు లోపల నడిస్తే ప్రాణం, బయటైతే చావు, ఒక్క మేకు మాత్రం దిగలేదు, కింద రాయి, వేళ్లు కొయ్యబారాయి, కొండమీంచి గుళ్లు, రెండడుగులు అవతల, మనోహర్ వెతకని చోట, మన్ను మెత్తగా ఉంది, అక్కడ దిగింది, కట్టేశాడు, పని ముగించి తిరిగొస్తూ ఒరేయ్ శేషూ, టీ మొత్తం తాగేశావా అని అరిచాడు మనోహర్, టేపు లోపలే నడిచాడు, లోపలే, విచారణలో మాత్రం టేపు దాటాడు సార్ అని తనే చెప్పాడు, పోయినవాడికి శిక్షేముంటుందిలే అనుకున్నాడు, శిక్ష ఈ ఇంట్లో పడింది, పిల్ల గ్లాసు పగలగొట్టినా నాన్న పోలికే, బస్సు తప్పిపోయినా నాన్న పోలికే, ఆ మాట వింటూ పాతికేళ్లు భానుమతి చేత రాఖీ కట్టించుకున్నాడు, లడ్డూ తిన్నాడు.

చర్రుమని కాగితం అంచు చిరిగింది, నోరు విప్పితే ఈ గడప ఇక తనది కాదు, విప్పకపోతే ఈ పిల్ల ఆగిపోతుంది, మనోహర్ రెండోసారి తన చేతిలోనే పోతాడు, ఆగమ్మా భానూ, అన్నాడు, మనోహర్ టేపు దాటలేదు, టేపే తప్పుగా కట్టారు, భానుమతి చేతులు ఆగిపోయాయి, ఎవరు మావయ్యా, వాసవి దగ్గరికొచ్చింది, ఎవరు కట్టారు, పేరు చెప్పండి.

శేషగిరి కట్టాడమ్మా, అన్నాడు, నేను.