పాత డ్యాంపరు

స్పానరు జారింది. పీరా సాహెబ్ వేలి కణుపులు ఇనుప అంచుకు గుద్దుకుని తోలు లేచి, నెత్తురు చిమ్మింది. అతను చేతిని చూసుకోలేదు. చొక్కాకు తుడుచుకుని, స్పానరును మళ్లీ అదే బోల్టుకు తగిలించి, ఈసారి దాని తోక మీద సుత్తితో కొట్టాడు. రెండో దెబ్బకు బోల్టు కీచుమని కదిలింది.

వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డు అతనిది. లోపల ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు నేలను కరుచుకుని పడుకున్నట్టుంది. దాని యజమాని ధనశేఖర్‌కు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. కారు నడిపితే చాలు, పెట్రోలు వాసన. తప్పు ఎక్కడుందో పీరా సాహెబ్‌కు ముక్కే చెప్పింది. డ్యాంపరు.

అది రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన ఉక్కు డబ్బీ. ఇంజనులోకి పెట్రోలు నిమ్మళంగా పోదు, రోకటిపోట్లలా దెబ్బ మీద దెబ్బగా పోతుంది. డబ్బీ లోపలి పల్చటి రేకు ఆ పోట్లన్నీ తన మీద వేసుకుని పైపును వణక్కుండా కాస్తుంది. ఏళ్ల తరబడి దెబ్బలు తిని తిని అది చిట్లితే, పెట్రోలు చుక్కచుక్కగా కాలే ఇంజను మీద పడుతుంది. అందుకే కొత్త డ్యాంపరును మళ్లీ ఇంజను మీద పెట్టకుండా, వేడి తగలని పక్క గోడకు బిగించి, రబ్బరు పైపుతో కలపాలని అతని ఆలోచన.

చెయ్యి దూరని సందులో కూడా అతని కుడి చూపుడు వేలు దూరుతుంది. అది కొక్కెంలా వంగి ఉంటుంది. పాకాల నుంచి చిత్తూరుకు పని నేర్చుకోవడానికి పోయిన కొత్తలో, ఒక బోల్టును అడ్డంగా ఎక్కించాడని ఉస్తాద్ ఆ చేతిని బెంచీ మీద పరిచి రింగు స్పానరుతో కొట్టాడు. ఏడుస్తూ ఇంటికి పోతే, పని పోగొట్టుకుంటావా అని నాయన బెల్టు తీశాడు. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. సొంత షెడ్డు పెట్టుకున్నాక పీరా సాహెబ్ సాయానికి ఎవరినీ పెట్టుకోలేదు. ఒక మనిషిని చేర్చుకోరాదా అని భార్య గౌసియా బీ అడిగితే, "పెట్టుకుంటే నా చెయ్యి లేస్తాది గౌసియా. దీనికి నేర్పించిందే అది," అనేవాడు.

పాత డ్యాంపరును గుడ్డతో తుడిచి జేబులో వేసుకుని, టీ కోసం రోడ్డు దాటాడు. కొట్లో మునెమ్మ వడలు తీస్తోంది.

"ఏం సాయిబన్నా, ఆ చెయ్యేంది? కారు కొరికిందా?"

"కొరకదా మరి? ముసిల్ది గానీ పండ్లు గట్టిగానే ఉండాయి."

"నెత్తురు కారతా ఉంటే నవ్వు సూడు నీకు! ఈ వడల కాయితాలతో నాకూ సావే. లారీ వస్తే సాలు, గాలికి లేసి టిక్కెట్టు లేకుండా తిరపతికి పోతా ఉండాయి."

అతను జేబులోది తీసి, వడలు పెట్టిచ్చే కాగితాల మీద ఉంచాడు. "ఇదుంటే పోవు."

"అబ్బా, కంపు!"

"రొండు దినాలకి పోతాది లేమ్మా."

ఆ రోజు మంగళవారం. మూడింటికి రాహుకాలం. అంతకు ముందే కారు కదలాలని ధనశేఖర్ తన డ్రైవరు బాలాజీని వెంటబెట్టుకుని వచ్చాడు. సాయంత్రం తిరుపతిలో పాత కార్ల ప్రదర్శన ఉంది.

"ఏం పీరా, ఇంగా నోరు తెర్సుకోనే ఉండాదే బండి?"

"అయిపాయనప్పా. కొత్త పైపుకి ఈ కొస క్లిప్పు బిగించాల. కారిన పెట్రోలు ఆరాల."

"నీ పెట్రోలు ఆరేదాకా రాహుకాలం ఆగతాదా?"

బాగైన బండి కదిలే ముందు కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం ఆ షెడ్డులో రివాజు. వాటిని పీరా సాహెబే ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంచుతాడు. అయితే అతను బండిని బయటికి తోసి, బానెట్టు మూసి, దూరంగా నేల మీద వెలిగిస్తాడు. ధనశేఖర్ బాలాజీని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఆ డబ్బా తెరిచి, పళ్లెంలో కర్పూరం అంటించి, తెరిచిన బానెట్టు ముందుకే వచ్చాడు.

"వద్దప్పా! ముందు క్లిప్పు బిగించనీ!" పీరా సాహెబ్ స్క్రూడ్రైవరుతో వంగాడు.

ధనశేఖర్ ఒక చేత్తో అతని కాలరు పట్టి వెనక్కి లాగి, చెంప పగలగొట్టాడు. పీరా సాహెబ్ తల ఇనుప స్తంభానికి తగిలి మోగింది. స్క్రూడ్రైవరు ఎగిరి ఎక్కడో పడింది.

"నా బండికి హారతి ఎప్పుడియ్యాలో నువ్వు సెప్తావా? రేయ్ బాలాజీ, స్టార్ట్ చెయ్!"

"అన్నా, సాయిబు వద్దంటా ఉండాడే..."

కిటికీలోంచి ధనశేఖర్ పిడిగుద్దు పడింది. బాలాజీ ముక్కు పగిలి నెత్తురు స్టీరింగు మీద కారింది. అతను తాళం తిప్పాడు.

బిగించని కొస ఊడి, పైపు పాములా పైకి లేచి పెట్రోలు చిమ్మింది. కర్పూరం అందుకుంది. భగ్గుమన్న మంట రేకులను తాకింది. ధనశేఖర్ పళ్లెం విసిరేసి రోడ్డు మీదికి పరుగెత్తాడు. బాలాజీ తాళం మీద చెయ్యి పెట్టుకుని కొయ్యబారిపోయాడు. తాళం తిప్పి ఆపేదాకా పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

పీరా సాహెబ్ మంటలోకి వంగాడు. పైపును మడిచి, వంకర వేలి కొక్కెంలో ఇరికించి, పిడికిలి బిగించాడు. లోపలి పోట్లు వేలి ఎముకకు తగులుతున్నాయి. చొక్కా అంటుకుంది. గడ్డం చిటపటలాడింది.

"తాళం వెనక్కి తిప్పు నాయనా! దిగి పరిగెత్తు!"

బాలాజీ తాళం తిప్పి, డోరును తన్ని కిందపడి, పాకుతూ రోడ్డు చేరాడు. అప్పటికి గానీ ఆ వేలు పైపును వదల్లేదు. మునెమ్మ తడిపిన గోనెపట్టాతో పరుగెత్తుకొచ్చి పీరా సాహెబ్ మీద కప్పి, బయటికి ఈడ్చింది.

ఆసుపత్రిలో తల నుంచి నడుము దాకా కట్లు. గుడ్డ చుట్టిన చేతుల్లో ఒకదాని వంకరను గుర్తుపట్టి, దాని పక్కన తన చెయ్యి ఉంచి కూర్చుంది గౌసియా బీ. మరునాడు ఆమె నీళ్లు పట్టుకుని వచ్చేలోగా అతను పోయాడు.

క్లిప్పు బిగించని తప్పు సాయిబుదేనని ధనశేఖర్ అందరికీ చెప్పాడు. బాలాజీ పగిలిన ముక్కుతోనే పోలీస్ స్టేషనుకు పోయి, తాళం ఎవరు తిప్పించారో చెప్పి వచ్చాడు.

వడల కొట్లో కంపు రెండు దినాల్లో పోలేదు. అన్నిటికన్నా పైనున్న కాగితాన్ని మునెమ్మ ఎవరికీ ఇవ్వదు, కిందివే లాగి వడలు పెడుతుంది. లారీ పోయినప్పుడల్లా కాగితాల అంచులు లేచి లేచి కొట్టుకుంటాయి. వాటి నడుమ చిట్లిన ఆ ఉక్కు డబ్బీ, పీరా సాహెబ్ పెట్టిన చోటే కదలకుండా ఉంటుంది.