సీటు మీద తువ్వాలు

మా ఆయన ఉమాకాంతం జగ్గయ్యపేటలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు బస్సు ఆగకముందే వెంట పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు విసిరి ఇద్దరికీ సీట్లు పట్టేవారు. గుండె నీరసపడ్డాక ఆ పని నా నెత్తిన పడింది. రెండువేల ఏడుకల్లా నాలుగు మెట్లెక్కితే కూలబడిపోయేవారు.

ఆదివారాలు నందిగామ వచ్చే గుండె డాక్టరు జయదేవ్, గుండె కదలికని బొమ్మలో చూపించే ఎకో పరీక్ష తీశాడు. "మాస్టారూ, గుండెలో రెండు వైపుల గోడలూ ఒకేసారి ముడుచుకోవాలి. మీకు ఒకటి ఆలస్యమవుతోంది. మూడు వైర్ల పేస్‌మేకర్ పెడితే రెండూ కలవచ్చు," అన్నాడు.

"స్టెప్పు తప్పుతోందన్నమాట," అన్నారు ఈయన. "స్టెప్పు తప్పే కుర్రాళ్లు రెండు రకాలండీ. విజిల్ వినపడనివాడు, కాలు బాగోనివాడు. మొదటివాడి పక్కకెళ్లి ఊదితే కలుస్తాడు. రెండోవాడు ఎంత ఊదినా కలవడు. నా గోడ ఏ రకం?"

జయదేవ్ ఎకోలో విజిల్ వినపడని రకమే. విజయవాడలో ఇంకొకరు తీసిన ఎకోలో కాలు బాగోని రకమట, కండ దెబ్బతిని బిగుసుకుపోయిందట. ఒకటే గుండె, ఒకటే వారం! నాకు ఒళ్లు మండింది. ఏది నిజం బాబూ అని జయదేవ్‌ని నిలదీశాను.

"బొమ్మ చూసి ఎవరికి పనిచేస్తుందో గట్టిగా చెప్పలేమమ్మా," అన్నాడు.

మరెందుకయ్యా ఆ బొమ్మ! ఈయన వద్దంటే వద్దన్నారు. నేనే ఏడ్చి, అలిగి, అన్నం మానేసి ఒప్పించాను. పెట్టించాం.

ఆర్నెల్లకి మళ్లీ ఎకో. జయదేవ్ చాలాసేపు చూసి, "గుండె అలాగే ఉందండీ, పెరిగిన సైజేం తగ్గలేదు," అన్నాడు.

"నాకు మాత్రం హాయిగా ఉందండీ," అన్నారు ఈయన.

"కొందరికి అలా కూడా అవుతుంది."

"అలా అంటే ఎలా? పనిచేసినట్టా, చెయ్యనట్టా?" అన్నాను. అతను చేతులు తుడుచుకుని మందుల చీటీ రాసిచ్చాడు.

బస్టాండుకి వెళ్తున్నంతసేపూ నాకు అయోమయమే. నలభై ఏళ్లలో నా కూరలో ఉప్పు తక్కువైందని ఒక్కనాడూ అనని మనిషి. పట్టుబట్టి పెట్టించింది నేను కాబట్టి, నాకోసమే హాయిగా ఉందంటున్నారేమో. బొమ్మని నమ్మనా, మనిషిని నమ్మనా? చచ్చేంత భయమేసింది.

అరటిపళ్లు కొని వెనక్కి తిరిగితే ఆయన లేరు. బస్టాండంతా వెతికాను. అప్పుడే జగ్గయ్యపేట బస్సొచ్చి, జనం తలుపు దగ్గర తోసుకుంటున్నారు.

"వసుమతీ! ఇటు రా, సీటు పట్టా!"

కిటికీలోంచి ఆయన పిలుస్తున్నారు. పక్కన తువ్వాలు పరిచి ఉంది. ఎలా ఎక్కానో నాకే తెలియదు.

"పరిగెత్తారా? మతిగానీ పోయిందా మీకు?" ఛాతీ మీద చెయ్యి వేశాను. ఎగిసెగిసి పడుతోంది. "ఆయాసం కదూ? నా మీద ఒట్టు, నిజం చెప్పండి."

"పరిగెత్తినోడు రొప్పడా ఏంటే?" అన్నారు నవ్వుతూ.

అదీ నిజమే. నేనూ రొప్పుతున్నాను. ఆయనది జబ్బు రొప్పో, పరుగు రొప్పో నాకు అంతుపట్టలేదు. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, మా ఊరికి ముందొచ్చే చిల్లకల్లు దాకా ఆయన ఊపిరే వింటూ కూర్చున్నాను.