వాసన పోయిన పన్నీరు

నేను ఒక పన్నీరు బుడ్డిని. పొట్ట గుండ్రం, మెడ సన్నం, నెత్తిన చిల్లుల మూత. ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో పోతపోసిన ఇత్తడిని, పైన మాత్రం వెండి పూత. ఆ పూత చూసి నన్ను వెండిదనుకునే వాళ్లకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. పెళ్లిలో తన అసలు రంగు బయటపెట్టుకునేదెవరు లెండి!

మొదట ఒక మోతుబరి ఇంట్లో అద్దాల బీరువాలో ఉండేదాన్ని. వాళ్ల అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడు నేను కావాలని ఎవరూ అడగలేదు. షామియానాలు అద్దెకిచ్చే ఆయన చేతికి వెళ్లి, అక్కణ్నుంచి రామచంద్రపురం దాటాక కాలువ గట్టున ఉన్న ఒక కల్యాణ మండపానికి చేరాను. అక్కడ గుమ్మం దగ్గర నన్ను పట్టుకునే మనిషి మంగతాయారు. ఆవిడ భర్త లక్ష్మణస్వామి లోపల సన్నాయి వాయించేవాడు. ఆవిడ పన్నీరు చల్లి లోపలికి పంపితే, అతను రాగం తీసి కూర్చోబెట్టేవాడు.

లక్ష్మణస్వామికి ఉబ్బసం. చలికాలం వస్తే పిల్లికూతలు కూసే ఛాతీతోనే సన్నాయి ఊదేవాడు. "మా ఆయన ఊపిరి మీదే మా పొయ్యి వెలుగుతుందండీ" అనేది మంగతాయారు, నవ్వుతూనే.

కరోనా వచ్చి మండపానికి తాళం పడింది. మళ్లీ తలుపులు తీసేసరికి పెళ్లికి ఇంతమందే రావాలని రూలు. మండపం చూసుకునే బుల్లబ్బాయి గారు నన్ను కడిగించి నాలో శానిటైజర్ పోయించారు. అబ్బ, కడుపు భగ్గుమంది! పుట్టి బుద్ధెరిగాక పన్నీరు తప్ప మరొకటి ఎరగని పొట్ట నాది.

ఆ మొదటి పెళ్లి చూసి తీరాలి. ముగ్గుపిండితో గీసిన గుండ్రాల్లో బంధువులు, ఎవరి గుండ్రంలో వాళ్లు, బడిలో తప్పు చేసిన పిల్లల్లా నిలబడ్డారు. పెళ్లికూతురి తాతగారు నా చుక్కలు అరచేతిలో పట్టి, తీర్థమనుకుని నోటిదాకా తీసుకెళ్లారు. మంగతాయారు గబుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది.

"అయ్యయ్యో, తాతగారూ! తాగేది కాదండీ బాబూ, రాసుకునేది!"

"ఓహో, అలాగా అమ్మా!" అని ఆయన చేతులకు రాసుకుని, మిగిలిన తడిని నెత్తికి కూడా రాసుకున్నారు. అంత భక్తి, అంత భయం. నిజం చెప్పొద్దూ, ఆ భయం చూస్తే నాకు ముచ్చటేసింది.

కానీ కొత్తొక వింత, పాతొక రోత. మాస్కు మొదట ముక్కు దిగింది, తర్వాత నోరు దిగింది, చివరికి గడ్డం కింద ఎద్దు చిక్కంలా వేలాడింది. ఫొటో అనేసరికి అదీ జేబులోకి పోయేది. ముగ్గు గుండ్రాల మీద కుర్చీలు పడ్డాయి. "అంతా మనవాళ్లే కదండీ, మనవాళ్ల వల్ల మనకేం వస్తుంది!" అని ఒకరినొకరు కావలించుకున్నారు. రోగానికి చుట్టరికాలు తెలుసు కాబోలు!

ఆ తర్వాత నా మీద పడ్డారు. పెళ్లికొడుకు మేనత్త ఒకావిడ చేతులు వాసన చూసుకుని, "ఏంటండీ ఈ కంపు? పెళ్లికొచ్చామా, ఆసుపత్రికొచ్చామా?" అంది. బుల్లబ్బాయి గారు సగం పన్నీరు కలిపించారు. మరో పెళ్లికి ముప్పాతిక. ఆ పైన పూర్తిగా పన్నీరే. చిత్రమేమిటంటే, జనం మాత్రం చేతులు చాపడం మానలేదు. ఉత్త పన్నీరు పట్టుకుని, వేళ్ల సందుల్లో కూడా శ్రద్ధగా రుద్దుకుని, జాగ్రత్త పడ్డామనుకుని లోపలికి పోయేవాళ్లు.

మంగతాయారు పట్టేసింది. మాస్కు కిందికి దించి, నా మూత దగ్గర ముక్కు పెట్టి చూసి గయ్యిమంది.

"ఇదేం పనండీ బుల్లబ్బాయి గారూ? మా ఆయన మూతికి గుడ్డ కట్టుకుని సన్నాయి ఊదలేరు గదండీ. వచ్చినోళ్లందరి రోగమూ ఆయన మీదే పడతాది!"

"చేతులు రుద్దుకుంటున్నారు కదమ్మా. వాళ్ల తృప్తి వాళ్లది. శుభమా అని పెళ్లి జరుగుతుంటే నీకెందుకీ గొడవ?"

"ఆయ్, అలాగేనండీ" అంది మంగతాయారు. మరుసటి పెళ్లికి సంచిలో తన శానిటైజర్ సీసా తెచ్చుకుంది. గుమ్మం దగ్గరికి రాగానే నన్ను వాసన చూడటం, పన్నీరైతే పూలకుండీలో వంచేయడం, మందు నింపడం. ఎవరైనా మూతి ముడిస్తే, "నా తృప్తి నాదండీ" అనేది. నాలోని మందు గాలిలో వచ్చే రోగాన్ని ఆపుతుందా అంటే నాకు తెలియదు. ఆవిడ చేతిలో ఉన్నది మాత్రం నేనొక్కదాన్నే.

రెండో వేసవి వచ్చింది. రోగం మళ్లీ ముదిరిందని టీవీ మొత్తుకుంటూనే ఉంది, ముహూర్తాలు జరుగుతూనే ఉన్నాయి. ఆ రోజు మండపంలో ఇసుక వేస్తే రాలనంత జనం. మంగతాయారు పొద్దుటి నుంచి నీరసంగా ఉంది, ఎండదెబ్బ అనుకుంది. అలవాటుగా నన్ను ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించి మళ్లీ పీల్చింది.

"ఈసారి ఉత్త నీళ్లే పోయించారాండీ?" అని అరిచింది.

బుల్లబ్బాయి గారు పరుగున వచ్చారు. "నీళ్లేంటమ్మా! ఇప్పుడే కొత్త సీసా విప్పించాను. గుమ్మమంతా ఘుమఘుమలాడిపోతుంటే!"

ఆవిడ జడలోంచి మల్లెచెండు లాగి ముక్కుకు ఆనించుకుంది. గట్టిగా పీల్చింది. నన్నూ చెండునూ మార్చి మార్చి పీల్చింది. వాసన పోవడమంటే ఏమిటో అప్పటికి చంటిపిల్లలకు కూడా తెలుసు.

"ఓరి దేవుడో... పొద్దున్న నా గ్లాసులో కాఫీయే ఆయనా తాగారే" అని గొణిగింది.

నన్ను బల్ల మీద పెట్టి, మాస్కు పైకి లాగి, దాని మీద కొంగు కూడా అడ్డం పెట్టుకుని, గుమ్మంలోంచే "ఏవండీ! ఆపేయండి! వచ్చేయండి!" అని కేకేసింది. లోపలికి అడుగు పెట్టలేదు. అంత జనంలో పక్కవాళ్లకు అంటుతుందని ఆగిన మనిషి ఆవిడ ఒక్కతే.

సరిగ్గా అప్పుడే పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడు. తాళి కట్టే వేళ ఏ తుమ్మూ, ఏ ఏడుపూ చెవిన పడకూడదని సన్నాయీ డోలూ హోరెత్తడం మన ఆచారం. లక్ష్మణస్వామి కళ్లు మూసుకుని, బుగ్గలు పూరించి, ఛాతీలో ఉన్నదంతా ఊదాడు. ఆవిడ కేక అందులో కలిసిపోయింది.

ఇద్దరికీ రోగం తేలింది. లక్ష్మణస్వామి బతకలేదు. సాగనంపడానికి ఆ పెళ్లివాళ్లు ఒక్కరూ రాలేదు. "ఎక్కువమంది వెళ్లకూడదటమ్మా, రూలు ఉంది" అన్నారట ఫోన్లో. అప్పుడు మాత్రం రూలు అందరికీ కంఠతా వచ్చేసింది! శానిటైజర్ పోసిన రోజుకన్నా ఎక్కువ మండింది నాకు.

మంగతాయారు కోలుకున్నాక బుల్లబ్బాయి గారు మళ్లీ పనికి పిలిచారు, కానీ గుమ్మం దగ్గరికి కాదు. "ఏమీ అనుకోకు తల్లీ. గుమ్మంలో ముత్తైదువ ఉండాలంటారు కదా. నాకైతే పట్టింపు లేదు, జనం ఒప్పుకోరు" అన్నారు. మాస్కుకు ఒప్పుకోని జనం, దూరానికి ఒప్పుకోని జనం, ఈ ఒక్క నియమాన్ని మాత్రం ఎవరూ చెప్పకుండానే పాటించారు. దీనికి పోలీసులూ అక్కర్లేదు, ముగ్గు గుండ్రాలూ అక్కర్లేదు.

ఇప్పుడు ఆవిడ పెరట్లో గిన్నెలు తోముతుంది. నన్ను చింతపండుతో తోమి, పన్నీరు నింపేది కూడా ఆవిడే. నా వెండి పూత ఎప్పుడో పోయింది లెండి, ఇత్తడినని అందరికీ తెలిసిపోయింది. నింపాక అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. పోయిన వాసన ఆవిడకు ఇంకా తిరిగి రాలేదు.

"ఏం వాసనొత్తందే?" అని గుమ్మం దగ్గర నిలబడే కొత్తావిడను అడుగుతుంది.

"పన్నీరే గదక్కా, ఇంకేం వస్తాది!" అని ఆవిడ నన్ను లాక్కుపోతుంది.

అతిథులు కూర్చున్నాక నన్ను తెచ్చి పెరట్లో పడేస్తారు. మంగతాయారు కడుగుతూ ఉండగా లోపల "గట్టిమేళం!" అని కేక వినిపిస్తుంది. ఆవిడ కొళాయి కట్టేసి, తడి చేతులతోనే నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. లోపల కొత్త మనిషి ఊదే సన్నాయి ఆగేదాకా ఊపిరి తీసుకోదు.